రాక్షసబల్లికి కనుబొమలెందుకు?

డైనోసార్ బొమ్మ వేయమంటే చాలామంది ముందు కోపం వేస్తారు, తర్వాతే జంతువుని. బొమలు ముడిచి, పళ్లు కొరుకుతూ, అచ్చం సినిమా విలనే! మొసలిని చూడండి. ఆకలైనా, కోపమొచ్చినా ఒకటే ముఖం. బొమలు ముడవడానికి మనకున్న కండరాలు దానికి లేవు.

1923లో మంగోలియాలో గుడ్లమీద దొరికిన జంతువుకి మరుసటేడు 'ఓవిరాప్టర్' అని, అంటే గుడ్లదొంగ అని, పేరు పెట్టారు. ఇక దశాబ్దాల తరబడి దానికి దొంగచూపులే గీశారు. తీరా 1993లో అలాంటి గుడ్డులోనే ఆ వంశపు పిల్ల ఎముకలు బయటపడ్డాయి. గుడ్లమీద చేతులు పరచి పొదుగుతున్న అస్థిపంజరమూ దొరికింది. పాపం, దొంగతనం ఎక్కడిది?

అలాగని ఇప్పుడు దాని మూతికి మాతృమూర్తి చిరునవ్వు తగిలించడమూ అన్యాయమే. ఆ పరచిన చేతుల్ని ఉన్నదున్నట్టు గీయండి. ప్రేమో, అలవాటో చూసేవాళ్లు తేల్చుకుంటారు.