సూరత్ సాంచాల లెక్కకు ఏ టూల్ చాలు?

సూరత్‌లో లింబాయత్ వైపు వెళ్తే గుజరాతీ, హిందీ, మరాఠీల మధ్య తెలంగాణ యాస తెలుగు కూడా గట్టిగానే వినిపిస్తుంది. సొంతూళ్లలో చేమగ్గం పని సన్నగిల్లాక మరమగ్గాల కోసం వలస వచ్చిన పద్మశాలి కుటుంబాలు అక్కడ తరాలుగా ఉంటున్నాయి. నగరపాలక సంస్థ ప్రాథమిక బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. సాంచా నడిపిన ఇంట్లో ఎవరైనా బీసీఏనో ఎంసీఏనో చదివితే వాళ్ల నెత్తిన ఒక పని పడటం ఖాయం. 'కార్ఖానా లెక్కలు కంప్యూటర్‌లో పెట్టివ్వు బిడ్డా' అని ఎవరో ఒకరు అడుగుతారు.

అడిగినవాళ్లకు అది చిన్న పని. నోటుబుక్కులో ఉన్నదే కంప్యూటర్‌లోకి ఎక్కించాలి, అంతే. కూర్చున్నవాళ్లకు మాత్రం మొదటి గంటలోనే ప్రశ్న ఎదురవుతుంది: ఎన్ని టేబుల్స్ ఉండాలి, ఏ కాలమ్ ఎక్కడ ఉండాలి, దేనికి దేనితో సంబంధం? ఈ అమరికనే డేటాబేస్ స్కీమా అంటారు. దాన్ని గీసుకోవడానికి బజారులో టూల్స్ చాలానే ఉన్నాయి. ఈఆర్‌విన్, ఈఆర్ స్టూడియో వంటివి పెద్ద సంస్థల కోసం తయారైనవి. వాటి ఏడాది లైసెన్స్ డబ్బుతో కార్ఖానాకు ఇంకో కంప్యూటర్ కొనుక్కోవచ్చు. ఉచితంగా దొరికేవీ ఉన్నాయి. ఏది ఎంచుకోవాలనే చర్చ సాధారణంగా ధర దగ్గర మొదలై ధర దగ్గరే ముగుస్తుంది. అసలు ఖర్చు మాత్రం అక్కడ లేదు. తప్పుగా గీసిన టేబుల్‌కు మూల్యం కార్మికుడి కూలిలోంచి పోతుంది.

ఒక తాకా సంగతి తీసుకుందాం. తాకా అంటే సాంచా మీంచి దిగిన గుడ్డ చుట్ట, సుమారు నూరు మీటర్లు. దానికి ఒక టేబుల్ పెట్టి తాకా నంబరు, సాంచా నంబరు, మీటర్లు, తేదీ, కార్మికుడి పేరు అని అయిదు కాలమ్‌లు గీస్తే చూడటానికి నిండుగా ఉంటుంది. చాలామంది మొదట గీసేది ఇదే. కానీ సూరత్ సాంచాలు ఎక్కువగా పగలు, రాత్రి రెండు షిఫ్టుల్లో నడుస్తాయి. ఒక తాకా ఒకే షిఫ్టులో పూర్తి కావాలన్న నియమం ఏమీ లేదు. పగటి మనిషి అరవై మీటర్లు నేసి వెళ్లిపోతాడు, మిగతాది రాత్రి మనిషి పూర్తి చేసి చుట్ట దించుతాడు. టేబుల్‌లో కార్మికుడి గడి ఒక్కటే. అందులో ఎవరి పేరు రాయాలి? దించినవాడి పేరు రాస్తే పగటి మనిషి అరవై మీటర్లు గాలిలో కలిసిపోతాయి. నోటుబుక్కులో అయితే గుమాస్తా పక్కన చిన్నగా ఇంకో పేరు, ఇంకో అంకె గీకేవాడు. కంప్యూటర్‌లో పక్కన గీకడానికి జాగా ఉండదు.

దీనికి మందు తెలిసిందే. తాకాకు ఒక టేబుల్, కార్మికుడికి ఒక టేబుల్ పెట్టి, రెండింటి మధ్య 'నేత' అనే మూడో టేబుల్ పెట్టాలి. అందులో ఒక్కో వరుస ఒక్కో ముక్క పని: ఏ తాకాలో, ఎవరు, ఏ షిఫ్టులో, ఎన్ని మీటర్లు. ఇద్దరు నేస్తే రెండు వరుసలు, ముగ్గురు నేస్తే మూడు. ఈ ఆలోచనకు పునాది 1970లో పడింది. ఆ ఏడాది జూన్‌లో ఐబీఎం పరిశోధకుడు ఎడ్గర్ కాడ్, సమాచారాన్నంతా టేబుల్స్ రూపంలో, వాటి మధ్య సంబంధాలను విలువల ద్వారానే చూపే రిలేషనల్ నమూనాను ప్రచురించాడు. ఒక గడిలో ఒకే విలువ ఉండాలి, ఒక సంగతి ఒకే చోట ఉండాలి వంటి క్రమాలు అక్కడి నుంచి వచ్చినవే. 1976లో పీటర్ చెన్ దానికి బొమ్మ భాష ఇచ్చాడు. వస్తువులను పెట్టెలుగా, సంబంధాలను వాటితో గీతల ద్వారా కలిసే డైమండ్ ఆకారాలుగా చూపే ఎంటిటీ-రిలేషన్‌షిప్ చిత్రం అదే. నేటి టూల్స్ గీసే బొమ్మలన్నీ దాని వారసత్వమే.

గీత గీయడంలో ఉన్న లాభం ఒక్కటే, కానీ పెద్దది. తాకా నుంచి కార్మికుడికి గీత గీసేటప్పుడు 'ఒకరా, చాలామందా?' అని ఆగి తేల్చుకోవాలి. ఆ ప్రశ్నకు జవాబు ఏ సాఫ్ట్‌వేర్ దగ్గరా లేదు. అది మాస్టర్ దగ్గర, గుమాస్తా దగ్గర, రాత్రి షిఫ్టు కార్మికుడి దగ్గర ఉంటుంది. కాబట్టి మొదటి టూల్ పెన్సిలు, పెద్ద కాగితం. లక్షల టూల్ కొన్నా, కాగితం మీద గీసినా, రాత్రి మనిషిని అడగకపోతే వచ్చే తప్పు ఒకటే.

కూలి రేటు సంగతి ఇంకా చిక్కు. మీటరుకు ఇంత అని కార్మికుడి వరుసలోనే రేటు కాలమ్ పెడితే, రేటు పెరిగిన రోజు పాత అంకె మీద కొత్త అంకె పడుతుంది. పాతది జాడ లేకుండా పోతుంది. దీపావళి సెలవులకు ఊరెళ్లే ముందు లెక్క తేల్చుకునేటప్పుడు మూడు నెలల కిందటి పనికి ఏ రేటు కట్టారో చూపించడానికి ఆధారం ఉండదు. నోటుబుక్కు ఇక్కడా నయమే. కొట్టేసిన అంకె కింద కనబడుతూనే ఉంటుంది. రేటును వేరే టేబుల్‌లో, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్న వివరంతో పెట్టుకుంటే ఈ తగాదా రాదు. పన్నులకూ ఇదే సూత్రం. కృత్రిమ నూలు మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం నుంచి 5 శాతానికి దిగింది. రేటును తేదీతో కట్టిపెట్టని టేబుల్‌లో ఆ మర్నాడు పాత బిల్లు మళ్లీ తీస్తే కొత్త పన్నుతో వస్తుంది.

పేర్ల దగ్గర సూరత్‌లో తెలుగువాళ్లకు ప్రత్యేకమైన ఇబ్బంది ఉంది. గుజరాతీ పద్ధతిలో మనిషికి సొంత పేరు, తండ్రి పేరు, ఇంటిపేరు మూడూ ఉంటాయి. అక్కడ పుట్టిన టేబుల్‌కు మూడు గడులు సహజంగా వస్తాయి, మూడూ నింపితీరాలన్న షరతు కూడా. ఇప్పుడు ఆడెపు రాజేశం అనే మనిషి వచ్చాడనుకుందాం. ఇంటిపేరు ముందు, తండ్రి పేరు అసలు లేదు. గుమాస్తా ఆడెపును సొంత పేరు గడిలో, రాజేశాన్ని ఇంటిపేరు గడిలో వేస్తాడు. మధ్యలో ఒక చుక్కో, తోచిన పేరో పడుతుంది. ఆధార్‌లో ఒక తీరు, బ్యాంకులో ఒక తీరు, కార్ఖానా రికార్డులో ఇంకో తీరు అయితే భవిష్య నిధి డబ్బు తీసుకునే రోజున తిరగాల్సింది రాజేశమే. ఆధార్‌లో ఉన్నట్టు పూర్తి పేరుకు ఒకటే కాలమ్, పిలిచే పేరుకు ఇంకోటి, గుర్తింపుకు పేరుతో సంబంధం లేని ఒక నంబరు చాలు. ఇందుకు పైసా ఖర్చు లేదు.

ఆ పేరును తెలుగులోనే రాయాలంటే మరో మెలిక. 'లక్ష్మణ్' అనే పేరు కంటికి మూడక్షరాలు. యూనికోడ్ లెక్కలో ఒత్తులు, పొల్లులు విడిగా ఎంచితే ఎనిమిది సంకేతాలు. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్ల చొప్పున మొత్తం 24 బైట్లు. కాలమ్ నిడివి 20 అని పెడితే మైఎస్‌క్యూఎల్, పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ సంకేతాలను ఎంచుతాయి కాబట్టి పేరు పడుతుంది. ఒరాకిల్ మామూలు అమరికలో బైట్లను ఎంచుతుంది కాబట్టి పట్టదు. మైఎస్‌క్యూఎల్‌కు 2018లో వచ్చిన 8.0 వెర్షన్ దాకా సహజ అమరిక లాటిన్-1. ఎవరూ మార్చకపోతే తెలుగు, గుజరాతీ రెండూ అందులో పట్టవు.

ఇక టూల్స్ దగ్గరికి వద్దాం. కార్ఖానా లెక్కకు పది, పదిహేను టేబుల్స్ మించవు. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు మైఎస్‌క్యూఎల్ వర్క్‌బెంచ్ కమ్యూనిటీ ఎడిషన్ ఉచితం. బొమ్మ గీస్తే ఎస్‌క్యూఎల్ రాసిస్తుంది, ఉన్న డేటాబేస్ నుంచి బొమ్మ కూడా గీసిస్తుంది. కాకపోతే దానికి మైఎస్‌క్యూఎల్ భాషే వచ్చు. పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ వాడేవాళ్లకు ఎలాగూ ఉండే పీజీఅడ్మిన్‌లోనే 2021 నుంచి చిత్రాలు గీసే టూల్ ఉంది. పీజీమోడలర్ ఇంకా లోతైనది. దాని కోడ్ అందరికీ తెరిచే ఉంది, నేరుగా నడిచే ప్యాకేజీకి మాత్రం డబ్బు కట్టాలి. ఓపిక ఉంటే సొంతంగా కంపైల్ చేసుకోవచ్చు. డీబీవర్ ఉచిత ఎడిషన్ రకరకాల డేటాబేస్‌లకు కనెక్ట్ అయి, ఉన్న టేబుల్స్ మధ్య సంబంధాలు చూపిస్తుంది. ఇంకెవరో కట్టి వదిలేసిన డేటాబేస్ చేతికొచ్చినప్పుడు దాని విలువ తెలుస్తుంది. డ్రా.ఐఓ కూడా ఉచితమే, బొమ్మలు అందంగా వస్తాయి. కానీ దానికి తెలిసింది ప్రధానంగా బొమ్మే. రెండు పెట్టెల మధ్య గీత తప్పని చెప్పలేదు.

వీటిలో ఎంపికకు గీటురాయి ధర కాదు. గీసిన డిజైన్‌ను మామూలు టెక్స్ట్ ఫైలుగా, అంటే ఎస్‌క్యూఎల్‌గా, బయటికి తీసుకోగలమా లేదా అన్నదే. టెక్స్ట్ ఫైలు ఏ కంప్యూటర్‌లోనైనా తెరుచుకుంటుంది, పెన్‌డ్రైవ్‌లో పడుతుంది, ముద్రించి గోడకు అంటించుకోవచ్చు. నిరుటికీ ఈ ఏటికీ ఏం మారిందో పక్కపక్కన పెట్టి చూసుకోవచ్చు. టూల్ సొంత ఫార్మాట్‌లో మాత్రమే ఉన్న బొమ్మ ఆ టూల్ తయారీదారు దయ మీద బతుకుతుంది. మైక్రోసాఫ్ట్ విజియోలో ఏళ్ల తరబడి ఉన్న డేటాబేస్ మోడల్ టెంప్లేట్‌ను 2013 వెర్షన్‌లో తీసేశారు. డబ్బు కట్టి కొన్న టూల్‌కే ఆ గతి పట్టింది.

బ్రౌజర్‌లో నడిచే ఉచిత టూల్స్‌కూ ఇదే పరీక్ష పెట్టాలి. డీబీడయాగ్రమ్ వంటి వాటిలో టేబుల్స్‌ను డీబీఎంఎల్ అనే చిన్న భాషలో నాలుగు లైన్లు రాస్తే బొమ్మ దానంతటదే వస్తుంది. ఆ లైన్లు మన దగ్గర ఉంటాయి కాబట్టి ఇది మంచి పద్ధతి. అయితే ఉచిత ఖాతా పరిమితులు ముందే చదువుకోవాలి. ముఖ్యంగా గీసిన బొమ్మ ఎవరికి కనబడుతుందో చూసుకోవాలి. కాలమ్ పేర్లు బయటికి తెలిస్తే కొంప మునగదు గానీ, నమూనా కోసమని అసలు కార్మికుల పేర్లు, బ్యాంకు నంబర్లు అందులో పెట్టేవాళ్లు ఉంటారు. అది ఎట్టి పరిస్థితిలోనూ చేయకూడని పని.

ఖరీదైన టూల్ దండగ అనడం కూడా సరికాదు. వందల టేబుల్స్, నాలుగైదు రకాల డేటాబేస్‌లు, ఒకే డిజైన్ మీద ఇరవై మంది పని చేసే బ్యాంకులోనో ప్రభుత్వ శాఖలోనో ఎవరు ఏం మార్చారో పట్టిచూపే టూల్ తన ధర తానే రాబట్టుకుంటుంది. నలభై సాంచాల కార్ఖానాకు ఆ అవసరం రాదు. మిగిలే డబ్బుతో ఒక మంచి యూపీఎస్, బ్యాకప్‌కు రెండు డిస్కులు కొని, అందులో ఒకటి వేరే ఇంట్లో, వీలైతే పై అంతస్తులో పెట్టడం మేలు. 2006 ఆగస్టులో తాపీ నది వరద నగరంలో చాలా భాగాన్ని ముంచిన సంగతి సూరత్ వాళ్లకు ఒకరు చెప్పనక్కర్లేదు.

టూల్ బొమ్మను నమ్మి ఊరుకోకూడదనడానికి ఇంకో కారణం ఉంది. మీటర్లు సున్నా కంటే ఎక్కువే ఉండాలని షరతు రాస్తే 2019లో వచ్చిన 8.0.16 కంటే ముందటి మైఎస్‌క్యూఎల్ దాన్ని చదివి, ఏ తప్పూ చూపకుండా, పక్కన పడేసేది. ఎస్‌క్యూలైట్ చాలా తేలికైనది, పూర్తిగా ఉచితం, ఒక్క కంప్యూటర్ మీద నడిచే చిన్న లెక్కకు భేషైనది. కానీ టేబుల్స్ మధ్య సంబంధాల కాపలా అందులో మామూలుగా ఆపేసి ఉంటుంది, కనెక్ట్ అయిన ప్రతిసారీ అడిగి ఆన్ చేయించాలి. కూలి డబ్బును ఫ్లోట్ రకం కాలమ్‌లో పెట్టినా ఏ డేటాబేసూ వద్దనదు. పది పైసలు అంటే 0.10. ద్విసంఖ్యా మానంలో అది ఎప్పటికీ తెగని భిన్నం, మన మూడో వంతు 0.333 అని సాగినట్టే. కొన్ని వేల వరుసలు కూడేసరికి పైసలు అటూ ఇటూ అవుతాయి. నిజమైన డెసిమల్ రకం ఉన్న డేటాబేస్‌లో దాన్ని ఎంచుకుంటే ఈ బాధ లేదు. బొమ్మలో ఆ రెండు కాలమ్‌లూ ఒకేలా కనబడతాయి.

అందుకే ప్రోగ్రామ్ రాయడం మొదలుపెట్టకముందే గుమాస్తా పాత నోటుబుక్కు అడిగి తీసుకోవాలి. అందులో కొట్టివేతలు, పక్కన గీకిన పేర్లు ఎక్కువగా ఉన్న పది పేజీలు ఏరి, కొత్త టేబుల్స్‌లోకి చేత్తో ఎక్కించి చూడాలి. ఏ గీకుడు ఏ గడిలోనూ పట్టకపోతే ఆ రాత్రి షిఫ్టు మారే వేళకు సాంచాల దగ్గరికి వెళ్లి అడగాలి.