కలిపే ముందు ఒక కాపీ

సెలవులకి ఇంటికెళ్ళి, పెద్దవాళ్ళ పాటలు రికార్డు చేసుకొచ్చేవాళ్ళు మనలో చాలామందే. రాగానే ఆ ముక్కలన్నీ కలిపేస్తాం. నేననేది ఒక్కటే, కలిపే ముందు ప్రాజెక్టు కాపీ ఒకటి దాచండి.

ఆడాసిటీలో క్లిప్పులు సెలెక్ట్ చేసి కంట్రోల్-జె కొడితే మధ్య ఖాళీలు నిశ్శబ్దంతో నిండి అంతా ఒకే క్లిప్పవుతుంది. సేవ్ చేసి మూసేశాక అన్‌డూ పనిచేయదు. ఇక ఏ ముక్క ఎక్కడ మొదలైందో తెలీదు.

అతుకు దగ్గర టిక్కుమంటే చిన్న క్రాస్‌ఫేడ్ చాలు. ఊపిరి శబ్దాలు మాత్రం కత్తిరించకండి. దంపుడు పాటలో రోకటి పోటుకీ ఊపిరికీ లంకె ఉంటుంది, అది తీసేస్తే పాట నడక పోతుంది.

నున్నగా చేసిన ఫైలు గ్రూపులో పెట్టుకోండి, పర్లేదు. అసలు ముక్కలు మాత్రం డిలీట్ చేయకండి. ఎడిటింగ్ ఎప్పుడైనా చేసుకోవచ్చు, అమ్మమ్మ చేత ఎప్పుడంటే అప్పుడు పాడించలేం కదా!