దాచేముందు అడిగావా?

కార్వాన్ అంటే బిడారు. కుతుబ్‌షాహీల కాలంలో గోల్కొండ వజ్రాల వర్తకులు విడిది చేసిన చోటిది. అక్కడ 'నిధి' దాస్తానంటూ మా సంఘ యువకుడొకడు వచ్చాడు. జియోక్యాచింగ్ అట! 2000 మే 2న పౌరుల జీపీఎస్ కచ్చితత్వంపై ఆంక్షను అమెరికా ఎత్తేసింది. మరునాడే డేవ్ అల్మర్ అనే ఆయన ఆరెగాన్ రాష్ట్రంలో ఒక బకెట్ దాచి, దాని అక్షాంశ రేఖాంశాలను లోకానికి ప్రకటించాడు. వెదకి కనుగొన్నవారు లోపలి పుస్తకంలో పేరు రాస్తారు. ముచ్చటైన ఆటే.

మనవాడు టిఫిన్ డబ్బా సిద్ధం చేశాడు. టోలీ మసీదు దగ్గర గోడసందు చూసుకున్నాడు.

"ఎవరినైనా అడిగావా?"

"రహస్యం కదా అయ్యగారూ!"

2007 ఆగస్టు 25న గోకుల్ చాట్, లుంబినీ పార్కుల్లో పేలుళ్లు చూసిన నగరమిది. గోడసందులో డబ్బా కనిపిస్తే ఏ తల్లి గుండె ఆగదు? 2011లో ఇంగ్లాండులోని వెదర్‌బీలో ఇలాంటి డబ్బానే బాంబనుకుని పేల్చేశారు. స్థలం యజమాని అనుమతి తీసుకోవాలన్నది ఈ ఆట నియమమే. మనకు వినోదం, పొరుగువాడికి వణుకు అయితే అది ప్రేమ ఎలా అవుతుంది?

యేసుప్రభువు చెప్పిన ఉపమానంలో (మత్తయి 13:44) నిధి దొరికినవాడు రాత్రికి రాత్రి తవ్వుకుపోలేదు. ఉన్నదంతా సంతోషంగా అమ్మి ఆ పొలమే కొన్నాడు. నిధి గురించి గంటసేపు ప్రసంగించే మేము ఆ పొలం యజమానిని మాత్రం మరచిపోతుంటాం! గుడారంలో సొత్తు దాచిన ఆకాను (యెహోషువ 7) ఎవరికీ దొరకకూడదనే దాచాడు.

చివరికి పెద్దల అనుమతితో డబ్బా చర్చి ఆవరణలోని వేపచెట్టు మొదట్లో పెట్టించాం. లోపలిది కనిపించే ప్లాస్టిక్ డబ్బా. 'ఇది ఆట' అని పైన తెలుగులో, ఉర్దూలో రాశాం. ఉర్దూలో రాసిచ్చింది ఎదురింటి దర్జీగారు. మొదట వెదకడానికొచ్చింది ఆయన పిల్లలే.