సముద్రమునకు ముందు ఒక నది

వసంత ఋతువులో పిల్లలకు నాలుగు దినముల సెలవు దొరకినంతనే గృహస్థుల చూపు సముద్రము వైపు మరలును. మిర్యాలగూడ, దామరచర్ల ప్రాంతముల నుండి సూర్యలంకకో, వాడరేవుకో కారులో బయలుదేరు కుటుంబములకు నార్కట్‌పల్లి–అద్దంకి రహదారియే దగ్గరి త్రోవ. దామరచర్ల దాటిన కొలది నిమిషములకే వాడపల్లి వంతెన వచ్చును. క్రింద కృష్ణ ప్రవహించుచున్నది. ఆ చెంతనే మూసీ వచ్చి ఆ తల్లిలో కలియుచున్నది. కారు ఆగదు. తండ్రి మనస్సు భోజనపు వేళకు ఎచటికి చేరుదుమా అను లెక్కలో ఉండును. బిడ్డ దృష్టి చేతిలోని ఫోనుపై ఉండును. వంతెన దాటిపోవును.

బిడ్డతో కలిసి చేయదగిన తీరయాత్ర ఆ వంతెన యొద్దనే ఆరంభము కావలెను. సముద్రము వద్దని కాదు. తీర్థ శబ్దము తరించుట అను అర్థము గల ధాతువు నుండి పుట్టినది. నదిని దాటు రేవు అని దాని తొలి అర్థము. రేవును చూడక దాటినవానికి ఆవలి ఒడ్డు దొరకునేమో గాని తీర్థము దొరకదు.

వాడపల్లిలో అగస్త్య మహర్షి శివకేశవులను కావడిలో మోసికొని వచ్చి ప్రతిష్ఠించెనని స్థలపురాణము. మీనాక్షీ సమేత అగస్త్యేశ్వరస్వామి లింగ శిరస్సుపై వేటగాని వ్రేళ్ళ గుర్తులున్నవి. శరణు జొచ్చిన పక్షిని విడువలేక, తన శిరస్సునందలి మాంసమునే తీసికొమ్మని స్వామి బోయవానితో పలికెనట. లక్ష్మీనృసింహస్వామి సన్నిధిలో రెండు దీపములు. స్వామి ముఖమునకు సమముగా నున్న దీపము కదలుచుండును, క్రింది దీపము నిశ్చలముగా నుండును. మీది దీపమును కదలించునది స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసములే అని అర్చకులు చెప్పుదురు.

ఇచటనే బిడ్డ అడుగును: "నాన్నా, నిజముగా స్వామియే ఊపిరి పీల్చుచున్నాడా?"

ఈ ప్రశ్నకు లోకములో రెండు సమాధానములు వాడుకలో ఉన్నవి. "అట్లు అడుగరాదు, కళ్ళు పోవును" అని ఒకరు గద్దింతురు. "అదంతా గాలి మహిమ" అని వేరొకరు నవ్వుదురు. మొదటివారు భక్తులమనుకొందురు, రెండవవారు వివేకులమనుకొందురు. బిడ్డ నోరు మూయుటలో ఇరువురును సమానులే. తైత్తిరీయములో వరుణుడు వేరొక మార్గము చూపెను. కుమారుడగు భృగువు బ్రహ్మమును బోధింపుమని కోరగా, దాని లక్షణము మాత్రము చెప్పి తపస్సు చేయుమని పంపెను. అన్నమే బ్రహ్మమని తెలిసికొని వచ్చిన కొడుకును తప్పని కసరలేదు, చాలునని మెచ్చుకొనలేదు, మరల తపస్సునకే పంపెను. ప్రాణము, మనస్సు, విజ్ఞానము అనుచు వచ్చినప్పుడును అంతే. కావున గర్భాలయ ద్వారమున నిలిచిన తండ్రి, "రెండు దీపములను బాగుగా చూడుము, నీకేమి తోచుచున్నదో చెప్పుము" అని అనవచ్చును. దానికి వరుసలో మరి రెండు నిమిషములు నిలువవలసి వచ్చును. వెనుకనున్నవారు విసుగుకొందురేమో, విసుగుకొననిండు.

దీపపు ప్రశ్న సులభమైనది. కఠినమైన ప్రశ్న మెట్ల మీద ఎదురగును. పుష్కర స్నానములకు జనము క్రిక్కిరియు రేవులవి. అనంతగిరి కొండలలో జనించిన మూసీని పెద్దలు ముచుకుందా నది అని పిలిచిరి. ఆ నదియే హైదరాబాదు నగరము మధ్యగా ప్రవహించి, అచటి మురుగునంతయు మోసికొని 200 కిలోమీటర్లకు పైగా నడచి ఇచట కృష్ణలో కలియును. తల్లి ఆ జలమును దోసిట పట్టి బిడ్డ తలపై చల్లును. మరుక్షణమే "నోటిలోనికి పోనీయకు" అని హెచ్చరించును. త్రాగరాని నీరు తలపై ఎట్లు చల్లవచ్చును అని బిడ్డ అడిగినచో?

ఈ ప్రశ్న నచికేతునిది. వాజశ్రవసుడు యాగములో దానమిచ్చిన గోవులు చివరి గడ్డి మేసినవి, చివరి నీరు త్రాగినవి, పాలుడిగినవి. దానము జరిగినది, దాని సారము మాత్రము లోపించినది. అది చూచినవాడు ఋత్విజుడు కాదు, బాలుడు. తండ్రికి ఆగ్రహము వచ్చెను. ఆ ఆగ్రహమునకు కారణము ప్రశ్నలోని తప్పు కాదు, దానిలోని నిజము. నగరము తన అవసరములన్నియు తీర్చికొని, పాలుడిగిన నదిని సంగమమునకు అర్పించుచున్నది. ఆ మెట్ల మీద హారతి పట్టువారిలో ఆ నగరవాసులును ఉందురు. తండ్రి వాజశ్రవసుడు కాకుండవలెననిన "అవును, ఇందులో మన యింటి నీరు కూడ ఉన్నది" అని ఒప్పుకొనవలెను. జలము పవిత్రమే గదా, మాలిన్యము దానికంటదు అని వేదాంతము చెప్పి తప్పించుకొనుట సాధకులు తరచు చేయు పని. ఆత్మకు అంటదన్న మాటను మురుగుకాలువకు అన్వయించుట శాస్త్రమునకే అపచారము.

పిమ్మట ప్రయాణము సాగించవచ్చును. పిడుగురాళ్ళ మీదుగా నేరుగా సముద్రమునకు పోవుటకన్న నది వెంట పోవుట మేలు, త్రోవ వంకరయైనను. పంచనారసింహ క్షేత్రములలో వాడపల్లితో పాటు మట్టపల్లి, కేతవరము, వేదాద్రి, మంగళగిరి ఉన్నవి; ఒక్క పర్యటనలో అన్నియు చూడవలెనని పట్టుపట్టిన పిల్లలు కారులోనే నిద్రపోవుదురు. ఒకటి రెండు చాలును. అటుపై విజయవాడ, దివిసీమ, చివరకు కృష్ణ సాగరములో కలియు హంసలదీవి. వేణుగోపాలస్వామి ఆలయమున్న ఊరది. మలినములు మోసి నల్లబడిన కాకి అచట స్నానమాడి హంసగా మారెనని అచటి ఐతిహ్యము. వాడపల్లి మెట్లపై ప్రశ్న అడిగిన బిడ్డ ఈ కథను ఊరక విడిచిపెట్టడు.

అచట అలల జోరు తెలిసి ఒడ్డుననే నిలువవలెను. ఒడ్డుననే నిలిచి దోసెడు నీరు తీసికొని నాలుకకు తగిలించినను చాలును. పన్నెండేళ్ళు గురుకులములో చదివి గర్వముతో తిరిగి వచ్చిన శ్వేతకేతువునకు ఉద్దాలకుడు రాత్రి ఉప్పును నీటిలో వేయించి, ఉదయమున ఆ ఉప్పును తెమ్మని అడిగెను. కొడుకు వెదకెను, అది కనబడలేదు. పైనుండి, నడుమనుండి, అడుగునుండి రుచి చూడుమని తండ్రి చెప్పెను. హంసలదీవిలో పాత్ర అక్కరలేదు, రాత్రంతయు వేచియుండనక్కరలేదు. ఉప్పగా ఉన్నదని బిడ్డ మొగము చిట్లించినప్పుడు, ఆ ఉప్పు ఎచట ఉన్నదో చూపుమని అడిగి, తండ్రి ఇసుకలో కూర్చుండవచ్చును.