మీట నొక్కినా పలకని కంప్యూటర్: మూలన పడవేసే ముందు కాస్త ఆలోచన అవసరం

ప్రొద్దుటూరు: పొలంలో బోరు మోటారు తిరగకపోతే కడప జిల్లా రైతు ఎవరూ ముందుగా మోటారును పైకి లాగించరు. మూడు ఫేజులూ వస్తున్నాయా అని చూస్తారు. ఫ్యూజు చూస్తారు, స్టార్టరు చూస్తారు. అన్నీ సక్రమంగా ఉన్నాయని తేలిన తరువాతే పైపులు ఎత్తే మనుషులకు కబురు పెడతారు. ఈ వివేకం కంప్యూటర్ దగ్గరకు వచ్చేసరికి మాయం కావడం విచారకరం.

బడిలో గానీ, ఇంట్లో గానీ డెస్క్‌టాప్ కంప్యూటర్ మీట నొక్కితే ఉలుకూ పలుకూ లేకపోతే మదర్‌బోర్డు కాలిపోయిందనే తీర్పు వెంటనే వెలువడుతుంది. పెట్టెకు గుడ్డ కప్పి మూలన పెడతారు. లేదా జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతాల పల్లెల నుంచి పట్టణానికి మోసుకుపోతారు. తీరా అక్కడ తీగ వదులైందని తేలితే బస్సు ఛార్జీ, ఒక రోజు కూలీ రెండూ దండగే.

ముందు కరెంటు, తర్వాతే కంప్యూటర్

మొదట చూడవలసింది గోడకున్న ప్లగ్గునే. అందులో సెల్‌ఫోన్ ఛార్జరు పెట్టి చూస్తే కరెంటు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. యు.పి.ఎస్. బ్యాటరీ పాడై ఉండవచ్చు గనుక దానిని పక్కనపెట్టి కంప్యూటర్‌ను నేరుగా గోడ ప్లగ్గుకు తగిలించాలి. పెట్టె వెనుక చిన్న స్విచ్ ఉంటే అది వేసి ఉందో లేదో చూడాలి. చాలా మానిటర్ల తీగ, పెట్టె తీగ ఒకే రకం కాబట్టి అటుదిటు మార్చి చూడవచ్చు. అప్పటికీ కదలకపోతే తీగ ఊడదీసి, ముందున్న మీటను అర నిమిషం నొక్కి ఉంచి, మళ్లీ తగిలించాలి. లోపల నిలిచిన కరెంటు పోయి ఒక్కొక్కసారి యంత్రం దానంతటదే లేస్తుంది.

పెట్టెలో ఫ్యాను తిరుగుతూ తెర మాత్రం నల్లగా ఉంటే అది కరెంటు జబ్బు కాకపోవచ్చు. మానిటర్ తీగ వదులైనా, ర్యామ్ సరిగా కూర్చోకపోయినా ఇదే లక్షణం. ఫ్యాను సయితం కదలకపోతే అనుమానం ముందుగా ఎస్.ఎం.పి.ఎస్. మీదికి పోవాలి. 230 వోల్టుల కరెంటును కంప్యూటర్‌కు కావలసిన 12, 5, 3.3 వోల్టులుగా మార్చేది ఇదే. చెడితే దాన్నొక్కదాన్నే మార్చుకోవచ్చు. దాని డబ్బాను మాత్రం ఇంట్లో విప్పరాదు. తీగ ఊడదీసిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో ప్రాణాంతకమైన కరెంటు నిలిచి ఉంటుంది.

మరొక మాట. యంత్రం వెలగనంత మాత్రాన హార్డ్ డిస్కులోని లెక్కలు, మార్కుల జాబితాలు పోయినట్లు కాదు. వాటిని జాగ్రత్త చేయమని చెప్పకుండా పెట్టెను మరమ్మతుకు అప్పగించరాదు.

అసలు రోగం ఎక్కడ?

పల్లెల్లో న్యూట్రల్ తీగ తెగితే 230 వోల్టులు రావలసిన గదికి 400 వోల్టుల దాకా రావచ్చు. ఎర్తింగు లేని బడి గదిలో ఎన్ని కంప్యూటర్లు పెట్టినా వాటికి రక్షణ తక్కువే. ఉరుములు, మెరుపులు మొదలు కాకముందే ప్లగ్గు తీసివేయడం అందరికీ అలవాటు కావాలి.

పాఠశాలల్లో కంప్యూటర్ విద్యకు కేంద్ర ప్రభుత్వం 2004 డిసెంబరులో పథకం ప్రారంభించింది. యంత్రాలు ఇవ్వడంతోనే బాధ్యత తీరిపోదు. ఇంట్లో కంప్యూటర్ లేని కూలీ బిడ్డకు బడిలోనిదే దిక్కు. అది ఏడాదిపాటు మూలన పడి ఉంటే ఆ ఏడాది చదువు పోయేది ఆ బిడ్డకే గాని యంత్రానికి కాదు.

ప్రతి ఉన్నత పాఠశాలలో ఒక ఉపాధ్యాయునికి ఈ పాటి పరీక్షలు నేర్పడానికి ఒక పూట చాలు. మండలానికి ఒక మంచి ఎస్.ఎం.పి.ఎస్., రెండు తీగలు, ఒక మల్టీమీటరు అందుబాటులో ఉంచితే రోగం ఎక్కడుందో అక్కడే తేలుతుంది. పులివెందులలో 2006 నుంచి జె.ఎన్.టి.యు. ఇంజనీరింగ్ కళాశాల ఉండనే ఉంది. అక్కడి విద్యార్థులు ఏడాదికొకసారి చుట్టుపక్కల బడులకు వచ్చి చూపితే వారికీ అనుభవం, పల్లెకూ మేలు.

మోటారును ముందు గట్టునే పరీక్షించే రైతులున్న జిల్లా ఇది. వారి పిల్లలు చదివే బడిలో కంప్యూటర్‌కు ఆ మాత్రం పరీక్ష జరగకపోవడం తగదు. విద్యాశాఖ అధికారులు ఇకనైనా ఈ విషయమై శ్రద్ధ వహించవలసి ఉంది.