అద్దె భవనంలో చెట్టు ఎవరిది?

అశోకుడు బాటల పక్కన చెట్లు నాటించాడని మనమందరం చిన్న తరగతుల్లో బట్టీ పట్టినవాళ్లమే. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. నీడ కోసం మర్రి చెట్లు, మామిడి తోపులు వేయించానని ఆయనే ఒక స్తంభ శాసనంలో చెప్పుకున్నాడు. అయితే ఒక్క విషయం మాత్రం మనకు ఎవరూ చెప్పలేదు. అశోకుడు అద్దెకుండలేదు! బాట ఆయనదే, నేల ఆయనదే. మన హాస్టలు మాత్రం అద్దె భవనంలో ఉంది. మరి మనం మొక్క నాటవచ్చా? నాటితే అది ఎవరిది?

మనలో పాతవారికి గుర్తుండే ఉంటుంది. ఇంతకు ముందున్న భవనంలో బోరు పక్కన మన సీనియర్లు ఒక కానుగ మొక్క నాటారు. వంటగదిలో బియ్యం కడిగిన నీళ్లు దానికి పోసి పెంచారు. పరీక్షల రోజుల్లో దాని కింద చాపలు పరుచుకుని చదువుకున్నాం. హాస్టలు మారిన రెండు నెలలకు అటుగా వెళ్లి చూస్తే కానుగ లేదు. అక్కడ మోటారు సైకిళ్లు పెట్టే రేకుల షెడ్డు ఉంది. ఆ రోజు నుంచి మనలో ఒక మాట పుట్టింది: "అద్దె కొంపకు చెట్టెందుకురా?" ఈ మాట తప్పు అని చెప్పడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందు మన ఆవరణను ఒకసారి చూడండి. 30 అడుగుల వెడల్పు, 40 అడుగుల పొడవు. గేటు నుంచి మెట్ల దాకా సిమెంటు గచ్చే. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీళ్లు అవుతాయి. మన ఆవరణ సుమారు 111 చదరపు మీటర్లు. 20 మిల్లీమీటర్ల వాన ఒక్కసారి పడితే 2,200 లీటర్లు, అంటే వంద బకెట్లకు పైమాటే. నీరు పల్లమెరుగు అన్నట్లు అవన్నీ గేటు దాటి రోడ్డు మీది మురికి కాలువలో కలుస్తున్నాయి. మార్చి వచ్చేసరికి మనమే బోరు అడుగంటిందని ట్యాంకరు కోసం బకెట్లు వరుసలో పెడుతున్నాం. ఇక ఆ గచ్చు పగలంతా ఎండను తాగి రాత్రి గదుల్లోకి వదులుతుంది. చెట్టు అయితే నీడ ఇవ్వడమే కాక, ఆకుల నుంచి నీటి ఆవిరిని వదిలి చుట్టూ గాలిని చల్లబరుస్తుంది. ఒక్క ఫ్యాను కింద పదిమంది పడుకునే మనకంటే ఈ తేడా ఎవరికి బాగా తెలుస్తుంది?

ఓనరు గారి వైపు నుంచి కూడా ఆలోచించాలి. వేర్లు గోడలను పగులగొడతాయని, ఆకులు రాలి కాలువ పూడుతుందని ఆయన భయం. అద్దె ఆలస్యంగా వస్తుందన్న చిరాకు కూడా ఉంటుంది. గోడ భయం ఉత్తది కాదు. రావి, మర్రి గోడ పక్కన మొలిస్తే నిజంగానే చీలుస్తాయి. కాబట్టి ఎక్కడ పడితే అక్కడ, ఏది పడితే అది నాటడం పర్యావరణ పరిరక్షణ కాదు. అద్దె స్థలంలో పచ్చదనానికి ఒక పద్ధతి కావాలి. నా ఉద్దేశంలో దాన్ని మూడు భాగాలు చేసుకోవచ్చు.

మొదటిది, మనతో వచ్చేది. పాత రంగు డబ్బాలకు, సిమెంటు సంచులకు అడుగున రంధ్రాలు పెట్టి, ఎర్రమట్టి, ఇసుక, పశువుల ఎరువు కలిపి నింపితే చాలు. తోటకూర నెల రోజుల్లో కోతకు వస్తుంది. గోంగూర, పాలకూర, పుదీనా, కరివేపాకు అన్నీ డబ్బాల్లో పెరుగుతాయి. పడమటి గోడకు అడుగు దూరంలో తాళ్లు కట్టి చిక్కుడు, బచ్చలి, కాకర తీగలు పాకిస్తే సాయంత్రపు ఎండ గోడకు తగలదు. గోడకు ఒక్క మేకు కూడా కొట్టనవసరం లేదు. హాస్టలు మారితే డబ్బాలు మన ట్రంకు పెట్టెలతో పాటే ఆటో ఎక్కుతాయి.

రెండవది, ఓనరు గారికి మిగిలేది. గోడకు పది అడుగుల దూరంలో, గచ్చును మూడడుగుల మేర తీయించి ఒక వేపో, కానుగో నాటడం. ఇవి మన నేలవే. వేళ్లూనుకునే వరకు కాస్త నీళ్లు పోస్తే తర్వాత వాటి బతుకు అవే బతుకుతాయి. పచ్చగా కనిపిస్తుందని లాన్ గడ్డి వేయడం నాకు ఇష్టం లేదు. దానికి రోజూ నీళ్లు పట్టాలి. మనకు తాగడానికే నీళ్లు చాలని రోజులున్నాయి.

మూడవది, ఇద్దరికీ పనికి వచ్చేది. అదే ఇంకుడు గుంత. పునాదికి, మరుగుదొడ్డి ట్యాంకుకు దూరంగా, నీళ్లు పారే పల్లంలో గుంత తవ్వి అడుగున రాళ్లు, పైన కంకర, ఆపైన ఇసుక వేస్తే డాబా మీది వాన నీరంతా భూమిలోకి పోతుంది. బోరు ఓనరు గారిదే, నీళ్లు తాగేది మనం. ఇందులో ఎవరికి నష్టం?

కొందరు మిత్రులు "మొక్కలు పెడితే దోమలు వస్తాయి" అంటారు. దోమ గుడ్డు పెట్టేది నిలవ నీటిలో. గుడ్డు నుంచి దోమ కావడానికి వారం, పది రోజులు పడుతుంది. కాబట్టి డబ్బాల కింద పళ్లేలు పెట్టకుండా, కొబ్బరి చిప్పలు, పాత టైర్లు పడేయకుండా, వారానికొకసారి నీళ్ల తొట్లు ఎండబెడితే చాలు. కంచాలు కడిగిన నీళ్లు ఇప్పుడు వాకిట్లోనే మడుగు కడుతున్నాయి. వాటిని అరటి పాదుకు మళ్లిస్తే ఆ మడుగూ ఉండదు. దోమకు అసలు ఇల్లు అదే కదా!

నిజమైన కష్టం వేసవి సెలవులు. మనం ఊళ్లకు వెళితే నీళ్లు పోసేదెవరు? ఆకుకూరలు జూన్‌లో మొదలుపెట్టి ఏప్రిల్ నాటికి ముగించాలి. మిగిలిన మొక్కల పక్కన పాత మట్టి కుండ మెడదాకా పాతి నీళ్లు నింపి మూత పెడితే, కుండ చెమర్చి వేర్లకు కొద్దికొద్దిగా తడి అందుతుంది. వాచ్‌మన్ తాత నాలుగైదు రోజులకొకసారి నింపితే సరిపోతుంది. అందుకు ప్రతిఫలంగా కరివేపాకు, కాయలు ఆయనవే. ఆయన మీద ఉత్త చాకిరీ మోపి మనం పర్యావరణ ప్రేమికులమని చెప్పుకోవడం న్యాయం కాదు.

ఇక మొదటి ప్రశ్నకు వద్దాం. చెట్టు ఎవరిది? 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలోని 108వ సెక్షను దీని గురించి చెబుతుంది. ఒప్పందంలో వేరుగా రాసుకోకపోతే, అద్దెకున్నవారు తాము నేలలో పెట్టినవాటిని ఖాళీ చేసేలోగా తీసుకుపోవచ్చు. కాకపోతే స్థలాన్ని మొదట ఎలా తీసుకున్నారో అలాగే అప్పగించాలి. ఇక 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం ప్రకారం చెట్టు కొట్టడానికి అనుమతి కావాలి. చట్టం ఉంది. కానీ మన కానుగను కొట్టేటప్పుడు అడిగే నాథుడు లేడు. ఎందుకంటే అది ఎక్కడా రాసి లేదు. అద్దె ఒప్పందంలో గదులు, కుళాయిలు, ఫ్యాన్లు, చివరికి బల్బులు కూడా లెక్క రాస్తారు. చెట్టును మాత్రం రాయరు.

కాబట్టి నా కోరిక ఒక్కటే. వార్షికోత్సవానికి అధికారులు, ఓనరు గారు ఇద్దరూ వేదిక మీదికి వస్తారు. వార్డెన్ సార్ ద్వారా మనం వారిని అడుగుదాం. వచ్చేసారి అద్దె ఒప్పందం రాసేటప్పుడు "ఆవరణలో కొంత మట్టి నేల వదలాలి, ఇంకుడు గుంతకు చోటివ్వాలి, విద్యార్థులు నాటిన చెట్టును హాస్టలు మారినా కొట్టరాదు" అని మూడు ముక్కలు చేర్చమందాం. సొంత భవనం ఎప్పుడు వస్తుందో కానీ, ఈ మూడు ముక్కలకు బడ్జెట్ అక్కరలేదు.

తమ్ముళ్లారా, సొంత భవనం వచ్చినా మనం దానిలో అద్దెవాళ్లమే. రెండేళ్లో మూడేళ్లో ఉండి పెట్టె సర్దుకుని వెళ్లిపోతాం. కానుగ నాటిన సీనియర్లు దాని నీడలో ఒక్క పరీక్షకు కూడా చదవలేదు. చదివింది మనం. ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారు జీవితమంతా రోడ్ల పక్కన, కాలువ గట్ల మీద మొక్కలు నాటారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. 2025లో కన్నుమూశారు. ఆ రోడ్లు ఆయనవి కావు, ఆ గట్లు ఆయనవి కావు. అశోకుడిలా ఆయనకు రాజ్యం లేదు. చెట్టు నాటడానికి నేల మనదై ఉండాలన్న నియమం లేదని ఆయనను చూస్తే తెలుస్తుంది.

జూన్‌లో తొలకరి పడగానే నేను ఒక కానుగ మొక్క తెస్తాను. గచ్చు తీయడానికి గడ్డపార ఎవరు తెస్తారు?

– ఇంటర్మీడియట్ విద్యార్థి