శ్రీలంక బాకీ: మాఫీనా, వాయిదానా?

శ్రీలంక బాకీని భారత ప్రభుత్వం ఎందుకు పూర్తిగా కొట్టివేయదన్న ప్రశ్నకు జవాబు ఉత్తరాంధ్ర వర్తకుల చిట్టాల్లోనే ఉంది. పలాస జీడిపప్పు వర్తకుడైనా, విజయనగరం బియ్యం షావుకారైనా ఖాతాదారు చితికితే ఐపీ దాకా పోనివ్వడు. మూడేళ్లు నిండకముందే నోటు తిరగరాయించి, వడ్డీ తగ్గించి, వాయిదాలు కట్టిస్తాడు.

ఢిల్లీ చేసిందీ అదే. 2022 ఏప్రిల్ 12న శ్రీలంక విదేశీ అప్పుల చెల్లింపు నిలిపివేసింది. ఆ ఏడాది భారత్ సుమారు 400 కోట్ల డాలర్ల మేర ఆదుకుంది. అందులో స్టేట్ బ్యాంకు ఇచ్చిన 100 కోట్ల డాలర్ల అరువుపైనే భారతీయ బియ్యం కొలంబో చేరింది.

భారత్ ఒక్కటే మాఫీ చేస్తే, ఆ మిగులు చైనాకూ, బాండ్లు కొన్నవారికీ పోతుంది. అందుకే జపాన్, ఫ్రాన్స్ వగైరా రుణదాతలతో కలిసి 2024 జూన్‌లో వాయిదాల ఒప్పందానికి వచ్చింది. 2025 ఏప్రిల్ నాటికి 10 కోట్ల డాలర్లకు పైగా అప్పును గ్రాంటుగా మార్చింది.

అసలు వదలకపోవడం సబబే. వడ్డీ దగ్గర మాత్రం పట్టు సడలించాలి. కొట్టు మూసిన ఖాతాదారు బాకీ తీర్చడు, సరుకూ కొనడు.